క్వారంటైన్ చేపల్ని పెద్ద ట్యాంకులోకి ఎప్పుడు వదలాలి: రోజుల లెక్క, పరీక్షలు, వదిలే పద్ధతి

కొత్త చేపల్ని నేరుగా అక్వేరియంలో వేయకూడదని, కొన్నాళ్ళు వేరే తొట్టిలో ఉంచాలని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఎన్నాళ్ళు అన్న దగ్గరే తడబడతారు. రెండు వారాలు చాలని ఒకరంటారు, నెల కావాలని మరొకరంటారు. ఇద్దరూ లెక్క పెట్టేది చేప ఇంటికి వచ్చిన రోజు నుంచే. అసలు లెక్క మూడు తేదీల మీద ఆధారపడుతుంది: చివరి రోగలక్షణం కనిపించిన రోజు, చివరి మందు నీళ్ళలోంచి పోయిన రోజు, ఆ తొట్టిలోకి చివరి చేప వచ్చిన రోజు. ఈ మూడింటిలో ఏది ఆఖరుదైతే దాన్నుంచి లెక్క మొదలవుతుంది. మధ్యలో ఒక్క కొత్త గప్పీని తెచ్చి కలిపినా తొట్టి మొత్తానికీ మళ్ళీ ఒకటో రోజే.

ఇక్కడ చెప్పేదంతా మంచినీటి చేపల గురించి: గోల్డ్‌ఫిష్, గప్పీ, మాలీ, టెట్రా, ఏంజెల్, డిస్కస్, కోయి. మన ఊళ్ళ దుకాణాలకు వచ్చే రంగుచేపల్లో పెద్ద భాగం చెన్నై కొళత్తూరు నుంచి, కోల్‌కతా వైపు నుంచి వస్తుంది. పెంపకందారు తొట్టి, హోల్‌సేల్ గోదాం, దుకాణం దాటి మన ఇంటికి వచ్చేసరికి ఆ చేప కనీసం మూడు చోట్ల ఇతర చేపలతో నీళ్ళు పంచుకుని ఉంటుంది. దుకాణంలో ఒకే నెట్ అన్ని ట్యాంకుల్లోకీ వెళుతుంది. పైకి నిగనిగలాడుతున్న చేప కూడా ఏదో ఒకటి మోసుకొచ్చిందనే అనుకుని మొదలుపెట్టాలి.

తొట్టి సరిగా ఉంటేనే నిర్ణయం కుదురుతుంది

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో అంచుదాకా 56 లీటర్లు, మామూలుగా నింపితే 50 లీటర్లు పడతాయి. టెట్రా సైజు చేపలు పది పన్నెండుకు, చిన్న గోల్డ్‌ఫిష్ అయితే రెండింటికి ఇది సరిపోతుంది. అరచేతిలో సగం ఉన్న ఒరాండా రకం గోల్డ్‌ఫిష్‌లకు 80 నుంచి 100 లీటర్లు ఉండాలి. అడుగున ఇసుక, గులకరాళ్ళు వేయొద్దు. అడుగు ఖాళీగా ఉంటేనే మలం రంగు కనిపిస్తుంది, రాలిన పరాన్నజీవుల్ని సైఫన్ పైపుతో లాగేయవచ్చు. దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, ఒక స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్, హీటర్, థర్మామీటర్, పైన మూత చాలు. ఈ తొట్టికి నెట్, బకెట్, పైపు విడిగా ఉండాలి. పెద్ద ట్యాంకు నెట్‌నే దీనికీ వాడితే నెల రోజుల శ్రమ ఒక్క పూటలో పోతుంది.

స్పాంజ్‌ని కనీసం నాలుగు వారాల ముందు నుంచి పెద్ద ట్యాంకులో నడిపి, అందులో చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా స్థిరపడ్డాక ఇక్కడికి తెచ్చి పెట్టాలి. కొత్త స్పాంజ్‌తో మొదలుపెడితే మూడో రోజుకి అమ్మోనియా పేరుకుంటుంది. అప్పుడు చేప పైకొచ్చి గుటకలు వేస్తుంది, రెక్కలు ముడుచుకుంటుంది, తిండి మానేస్తుంది. రోగం వచ్చిన చేప చేసేవీ ఇవే. రోగమనుకుని మందు పోస్తే, ఆ మందు ఫిల్టర్‌లో మిగిలిన కాస్త బ్యాక్టీరియానూ చంపుతుంది, అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. క్వారంటైన్‌లో చచ్చిపోయే చేపల్లో చాలావాటిని చంపేది తెచ్చుకున్న రోగం కంటే ఈ గొలుసే.

రెండింటినీ ఇలా విడదీయండి. తొట్టిలో చేపలన్నీ ఒకేసారి అదే తీరుగా రొప్పుతుంటే నీళ్ళ తప్పు. ముందు అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి, కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్ వేశారో లేదో గుర్తు చేసుకోండి. ఒకటో రెండో చేపలు మాత్రమే ఒళ్ళు రుద్దుకుంటూ, విడిగా మూలన ఉంటూ, మిగతావి మామూలుగా ఉంటే రోగాన్ని అనుమానించండి. పరీక్షకు చుక్కల కిట్ వాడండి. స్ట్రిప్స్‌లో చాలావాటికి అమ్మోనియా గడే ఉండదు. ఫలితాన్ని పీహెచ్‌తో కలిపి చదవాలి: 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో అర శాతమే విషరూపంలో ఉంటుంది, పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. పీహెచ్ 8 ఉన్న నీళ్ళు వాడే ఇంట్లో కిట్ 0.5 పీపీఎం (లీటరుకు మి.గ్రా.) చూపించినా పరిస్థితి తీవ్రమే. వెంటనే సగం నీళ్ళు మార్చండి.

ఎన్ని రోజులు, ఎందుకు అన్ని రోజులు

మొదటి నుంచీ ఏ లక్షణమూ కనిపించకపోతే టెట్రా, గప్పీ, బార్బ్ లాంటి చిన్న చేపలకు నాలుగు వారాలు, గోల్డ్‌ఫిష్, కోయిలకు ఆరు వారాలు, డిస్కస్‌కు, నదుల్లోంచి పట్టి తెచ్చిన చేపలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోండి. ఇవి కనీస గడువులు. రోగం బయటపడితే అసలు లెక్క అప్పుడు మొదలవుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఇక్ అనే తెల్లమచ్చల రోగాన్ని మించిన ఉదాహరణ లేదు.

మనకు కనిపించే తెల్ల చుక్క చేప చర్మం పొర కింద తింటూ పెరుగుతున్న పరాన్నజీవి. ఎదిగాక అది చేపను వదిలి అడుక్కి రాలుతుంది, గాజుకో పైపుకో మొక్కకో అంటుకుని గుల్ల కట్టుకుంటుంది, లోపల వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు నీళ్ళలోకి ఈదుకొచ్చి దాదాపు రెండు రోజుల్లోపు ఒక చేపను పట్టుకోవాలి, దొరక్కపోతే చస్తాయి. మందు పనిచేసేది ఈ ఈదే దశ మీదే. చర్మం కింద ఉన్నదానికి, గుల్లలో ఉన్నదానికి మందు తగలదు. అందుకే చుక్కలు మాయమైన రోజును రోగం పోయిన రోజుగా లెక్కవేయకూడదు. ఆ రోజు అవి చేప మీది నుంచి అడుక్కి రాలి ఉంటాయి, అంతే. కొన్ని మొప్పల లోపల అసలు కంటికి కనిపించకుండానే ఉండిపోతాయి.

ఈ చక్రం ఎంత వేగంగా తిరుగుతుందన్నది నీటి వేడిని బట్టి ఉంటుంది. 25, 26 డిగ్రీల్లో నాలుగు నుంచి ఆరు రోజులు. 20 డిగ్రీల్లో వారం పది రోజులు. 15 డిగ్రీల్లో రెండు వారాలకు పైనే. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో హీటర్ లేని తొట్టి నీళ్ళు 20 డిగ్రీల దాకా దిగుతాయి. మందు తీసేశాక చేసే పరిశీలనకు వేసవిలో పధ్నాలుగు రోజులు చాలిన చోట సంక్రాంతి రోజుల్లో ఇరవై ఒకటి కావాలి. అందుకే క్వారంటైన్ తొట్టికి హీటర్ పెట్టి 26 దగ్గర ఉంచమంటాం. చేపకు వెచ్చదనం దొరుకుతుంది, మన రోజుల లెక్కకు స్థిరత్వం వస్తుంది.

30 డిగ్రీలు దాటితే ఇక్ పెరగడం దాదాపు ఆగిపోతుంది. ఇది విని కొందరు హీటర్‌ను 31కి తిప్పేస్తారు. అలా చేసేముందు చేపను బాగా చూడండి. వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన పట్టీ, నోటి చుట్టూ దూదిలాంటి తెలుపు, అరిగిపోతున్న రెక్కలు ఉంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా రోగం కావచ్చు. అది వేడిలో చెలరేగి ఒకటి రెండు రోజుల్లోనే చేపల్ని తీసుకుపోతుంది. కోస్తాలో మే నెలలో తొట్టి నీళ్ళు వాటంతట అవే 31, 32కి చేరతాయి. ఆ రోజుల్లో చేపలు కొంటే ఇక్ కంటే దీన్నే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. పైగా నీళ్ళు వేడెక్కినకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, కాబట్టి రెండో ఎయిర్ స్టోన్ వేయండి.

లెక్క ఎలా కడతామో చూడండి. పది నియాన్ టెట్రాలు తెచ్చారు, నీళ్ళు 26 డిగ్రీలు. ఆరో రోజు చుక్కలు కనిపించాయి, మందు మొదలైంది. పన్నెండో రోజుకి చివరి చుక్క పోయింది. మందును అక్కడితో ఆపకుండా మరో వారం, అంటే పందొమ్మిదో రోజు దాకా కొనసాగించారు. తర్వాత రెండు రోజుల్లో నీళ్ళు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి మందును తీసేశారు. ఇరవై ఒకటో రోజు నుంచి మందు లేని పరిశీలన, పధ్నాలుగు రోజులు. వదలడానికి తొలి తేదీ ముప్ఫై అయిదో రోజు. కొన్న రోజు నుంచి నాలుగు వారాలని లెక్కపెట్టి ఇరవై ఎనిమిదో రోజు వదిలినవాళ్ళు పరిశీలన సగంలో వదిలినట్టు.

పురుగులు: ఆలస్యంగా బయటపడేవి

మొప్పల పురుగులు గోల్డ్‌ఫిష్, కోయి, డిస్కస్‌లలో బాగా ఎక్కువ. ఒక మొప్ప మూసుకుని రెండోదానితోనే ఊపిరి తీయడం, ఉన్నట్టుండి పైపుకేసి ఒళ్ళు రుద్దుకోవడం, మిగతావాటికంటే వేగంగా మొప్పలాడించడం వీటి గుర్తులు. మామూలు మందు ప్రాజిక్వాంటెల్, లీటరుకు 2.5 మి.గ్రా. ఇది పెద్ద పురుగుల్ని చంపుతుంది, గుడ్లను చంపదు. 26 నుంచి 28 డిగ్రీల్లో గుడ్లు కొద్ది రోజుల్లోనే పొదుగుతాయి కాబట్టి అయిదు నుంచి ఏడు రోజులకు రెండో మోతాదు, మళ్ళీ అంతే విరామంతో మూడోది వేయాలి. చల్లటి నీళ్ళలో పొదగడం ఆలస్యమవుతుంది, మోతాదుల మధ్య దూరం పెంచాలి. ఈ మందు నీళ్ళలో సులువుగా కరగదు. మెత్తగా నూరి, సీసాలో తొట్టి నీళ్ళు పోసి బాగా గిలక్కొట్టి, ఆ తర్వాత పోయండి. మందు వేసిన మర్నాడు నీళ్ళు మబ్బుగా మారితే బ్యాక్టీరియా పెరిగిందని అర్థం, గాలి పెంచండి.

గప్పీ, మాలీల మలద్వారం దగ్గర ఎర్రటి సన్నని దారాలు రెండు మూడు బయటికి వచ్చి కనిపిస్తే అవి కమలానస్ పురుగులు. చేప కదలకుండా నిలబడినప్పుడే సరిగా కనిపిస్తాయి, ఈదేటప్పుడు లోపలికి లాక్కుంటాయి. లెవమిసోల్ లీటరుకు 2 మి.గ్రా. చొప్పున వేసి, తొట్టిని చీకటిగా ఉంచి, 24 గంటల తర్వాత అడుగున పడ్డ పురుగుల్ని సైఫన్‌తో తీసి సగానికి పైగా నీళ్ళు మార్చండి. రెండు మూడు వారాలకు మళ్ళీ వేయాలి. రెండో మోతాదు తర్వాత ఇంకో మూడు వారాలు గడిచేదాకా పెద్ద ట్యాంకు ఊసెత్తవద్దు. ఇసుక అడుగు ఉన్న ట్యాంకులో ఒకసారి చేరితే దీన్ని వదిలించుకోవడం చాలా కష్టం.

చేప పేను గురించి కొల్లేరు చుట్టుపక్కల చెరువుల రైతుల్ని అడిగితే గంటసేపు చెబుతారు. అక్కడ బొచ్చె, రోహులకు పట్టే ఆర్గులస్సే గోల్డ్‌ఫిష్, కోయిలకూ పడుతుంది. పప్పుబద్ద కంటే చిన్నగా, చదునుగా, ఒంటి మీద జరుగుతూ కనిపిస్తుంది. యాంకర్ వార్మ్ అయితే పొలుసుల మధ్య గుచ్చుకున్న దారప్పోగులా ఉంటుంది. రెండింటినీ కొసలు సన్నగా ఉన్న పట్టకారుతో తీయొచ్చు, కానీ తీసినంత మాత్రాన అయిపోదు. పేను గాజు మీద, పైపుల మీద గుడ్లు పెడుతుంది. వెచ్చటి నీళ్ళలో అవి పొదగడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. చివరి పురుగు తీసిన రోజు నుంచి నాలుగు వారాలు ఇంకొక్కటి కూడా కనిపించకూడదు. గోల్డ్‌ఫిష్‌కు ఆరు వారాల గడువు చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

తెల్లగా, జిగురుగా, పొడుగ్గా వేలాడే మలం, తింటున్నా సన్నబడే పొట్ట ఉంటే పేగుల్లోని సూక్ష్మజీవుల్ని అనుమానించాలి. మెట్రోనిడజోల్‌ను మేతలో కలిపి పెట్టడం నీళ్ళలో వేయడం కంటే మేలు. మలం మళ్ళీ మేత రంగుకు తిరిగి, గట్టిపడి, రెండు వారాలు అలాగే ఉంటేనే నయమైనట్టు. ఆకలితో ఉన్న చేప మలం కూడా తెల్లగానే వస్తుంది, ఒక్కరోజు చూసి మందు పెట్టకండి.

కోయిలు, ఖరీదైన డిస్కస్ పెంచేవాళ్ళు విద్యార్థులు వాడే మైక్రోస్కోప్ ఒకటి కొనుక్కోవడం మంచిది. చర్మం జిగురును గాజు పలక మీద తీసి 40 నుంచి 100 రెట్లలో చూస్తే పురుగు ఉంటే చాలావరకు తేలుతుంది. భీమవరం, కైకలూరు వైపు ఉండేవాళ్ళకు ఆక్వా ల్యాబులు దగ్గర్లోనే ఉంటాయి. రొయ్యలు, చేపల రైతుల కోసం పెట్టినవే అయినా నీటి పరీక్ష, మైక్రోస్కోప్ పరీక్ష వాటికి రోజువారీ పని.

మందు లేని పధ్నాలుగు రోజులు

చాలామంది ఎగరగొట్టేది ఈ దశనే. మందు నీళ్ళలో ఉన్నంతకాలం చేప బాగుండటం పెద్ద సాక్ష్యం కాదు. సగం అణిగిన రోగం మందు పోయాకే తలెత్తుతుంది, అది తలెత్తాల్సింది ఈ తొట్టిలో. కాబట్టి చివరి మోతాదు తర్వాత మూడోవంతు చొప్పున మూడు సార్లు నీళ్ళు మార్చండి, రెండు రోజులు కార్బన్ పెట్టండి. కల్లుప్పు వేసి ఉంటే ఒక విషయం గుర్తుంచుకోండి: ఉప్పు ఆవిరైపోదు, కార్బన్‌కు అంటదు, నీళ్ళు మార్చినప్పుడే తగ్గుతుంది. లీటరుకు 3 గ్రాములు వేసిన తొట్టి నుంచి ఉప్పు లేని ట్యాంకులోకి చేపను ఒక్కసారిగా మారిస్తే ఒళ్ళు నీరు పట్టి దెబ్బతింటుంది. నాలుగైదు రోజుల్లో మెల్లగా దించండి. మిథిలీన్ బ్లూ అనే నీలం మందు వాడితే ఫిల్టర్ బ్యాక్టీరియా దెబ్బతిని ఉంటుంది, ఆ వారమంతా అమ్మోనియా రోజూ చూడాలి.

ఈ పధ్నాలుగు రోజులూ ఒక నోట్‌బుక్ పెట్టుకుని నాలుగు సంగతులు రాయండి. మేత వేశాక ఎంతసేపట్లో వచ్చింది, చివరిదాకా తిన్నదా, నోట్లో పెట్టుకుని ఉమ్మిందా అన్నది మొదటిది. ఊపిరి రెండోది: ఫోన్‌లో వీడియో తీసి 15 సెకన్లలో మొప్పలు ఎన్నిసార్లు ఆడాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, రోజూ అదే సమయంలో, మేతకు ముందు. అన్ని చేపలకూ వర్తించే ఒకే అంకె లేదు. అదే చేప నిన్నటి లెక్కతో, అదే జాతి పక్క చేపతో పోల్చాలి. మూడోది మలం. నాలుగోది చర్మం, రాత్రి గదిలో దీపాలార్పి టార్చ్‌ను పక్కనుంచి వేసి చూడాలి. బంగారు ధూళి చల్లినట్టు మెరిస్తే వెల్వెట్ అనే పరాన్నజీవి రోగం, అది పగటి వెలుతురులో చాలాసార్లు తెలియదు.

ఏది జరిగితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుందన్న సందేహం అందరికీ వస్తుంది. కొత్త చుక్క, కొత్త పురుగు, దూది మచ్చ, పొలుసులు లేచి నిలబడటం, మొదటి వారం తర్వాత కారణం తెలియని చావు జరిగితే ఒకటో రోజుకి వెళ్ళాలి. ప్రయాణం అలసటతో తొలి రెండు మూడు రోజుల్లో పోయిన చేప, పక్క చేప కొరికిన రెక్క, ఒక పూట తిండి తినకపోవడం లాంటివాటికి లెక్క మార్చనక్కర్లేదు, నోట్‌బుక్‌లో రాసుకుని చూస్తూ ఉండండి. చేప అప్పుడప్పుడూ ఒకసారి ఒళ్ళు రుద్దుకోవడం సహజం. గంటలో నాలుగైదుసార్లు అయితే సహజం కాదు.

"ఇరుకు తొట్టిలో పాపం కష్టపడుతోంది" అని తొందరపడి వదిలేసేవాళ్ళు చాలామంది. జాలి సరైనదే. తొట్టి ఇరుకైతే ఇంకో పెద్ద డబ్బా తెచ్చి క్వారంటైన్‌నే పెంచండి, 100 లీటర్ల ప్లాస్టిక్ టబ్ చాలు. గడువు మాత్రం తగ్గించకండి.

చివరి వారం: పెద్ద ట్యాంకు నీళ్ళతో పరీక్ష

పధ్నాలుగు రోజుల్లో ఏడు శుభ్రంగా గడిచాక, క్వారంటైన్ తొట్టికి కొత్త నీళ్ళ బదులు పెద్ద ట్యాంకు నీళ్ళు పోయడం మొదలుపెట్టండి. రోజు మార్చి రోజు పాతిక శాతం. నీళ్ళు పెద్ద ట్యాంకు నుంచి చిన్నదానిలోకే రావాలి, ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కి వెళ్ళకూడదు. దీనివల్ల పీహెచ్, గట్టిదనం (నీళ్ళలోని సున్నం లాంటి లవణాలు) మెల్లగా కలుస్తాయి. పెద్ద ట్యాంకులోని సూక్ష్మజీవులకు కొత్త చేప ఇక్కడే అలవాటుపడుతుంది. ఒకవేళ ఈ వారంలో దానికి జబ్బు చేస్తే, రోగం మీ పాత ట్యాంకులోనే ఉండి ఉండవచ్చు. పాత చేపలు దానికి అలవాటుపడి పైకి బాగున్నట్టు కనిపించడం మామూలే.

ఉష్ణోగ్రతనూ ఇదే వారంలో కలపండి, రోజుకు ఒక డిగ్రీకి మించకుండా. క్వారంటైన్ 28లో, ఏసీ గదిలోని పెద్ద ట్యాంకు 24లో ఉంటే నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు అక్కడే నిలపండి. దాగి ఉన్న ఇక్ ఏదైనా ఉంటే చల్లబడ్డప్పుడే తరచుగా పైకి తేలుతుంది.

ట్యాంకులో ఏళ్ళ తరబడి పెంచిన డిస్కస్‌లు గానీ, పెద్ద కోయిలు గానీ ఉంటే మరో అడుగు వేయడం న్యాయం: చివరి రెండు వారాలు పాత ట్యాంకు నుంచి ఒక చేపను తెచ్చి కొత్తవాటితో కలిపి ఉంచడం. కొత్త చేపలు తాము జబ్బు పడకుండా రోగాన్ని మోస్తుంటే అది ఆ ఒక్కదానిలో కనిపిస్తుంది. దాన్ని బలిపశువుగా చూడొద్దు, మొదటి లక్షణానికే వైద్యం చేయాలి. అరకొర జాగ్రత్తతో చేసేట్టయితే ఈ పరీక్ష అసలు పెట్టుకోకండి.

పెద్ద ట్యాంకు సిద్ధంగా ఉందా

చేప సిద్ధమైనా ట్యాంకు సిద్ధంగా లేకపోతే వారం ఆగండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 40 లోపు ఉండాలి. గత నెలలో అందులో చావు, మందు వాడకం ఉండకూడదు. ఫిల్టర్ కడిగి కనీసం వారమై ఉండాలి, కడిగిన రోజే కొత్త బరువు మోపితే బ్యాక్టీరియా తట్టుకోలేదు. కొత్త చేప పాత చేపల నోట్లో పట్టేంత చిన్నదైతే ఎదిగేదాకా ఆపండి, ఏంజెల్ ఉన్న ట్యాంకులో చిన్న నియాన్‌లు రాత్రికి రాత్రే మాయమవుతాయి. ఇప్పుడున్న చేపల సంఖ్యలో పావు వంతుకు మించి ఒకేసారి కలపొద్దు. ఎక్కువ ఉంటే పది రోజుల తేడాతో రెండు విడతలుగా వదలండి.

వదిలే రోజు

1. ముందు రోజు నుంచి కొత్త చేపలకు మేత ఆపండి. పాత చేపలకు వదలడానికి అరగంట ముందు కడుపునిండా పెట్టండి.

2. సిక్లిడ్‌ల లాంటి హద్దులు గీసుకునే చేపలుంటే రాళ్ళు, కట్టెలు స్థానం మార్చండి. పాత హద్దులు చెరిగిపోతాయి, అందరూ కొత్తవాళ్ళే అవుతారు.

3. సాయంత్రం ట్యాంకు లైటు ఆర్పండి. మర్నాడు ఉదయం దాకా వేయొద్దు.

4. రెండు నీళ్ళ ఉష్ణోగ్రత, పీహెచ్, టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) కొలవండి. వేడి తేడా ఒక డిగ్రీ లోపు, పీహెచ్ తేడా 0.3 లోపు, టీడీఎస్ తేడా 100 లోపు ఉంటే నేరుగా మార్చవచ్చు. అంతకంటే ఎక్కువైతే చేపల్ని బకెట్‌లోకి తీసి, ఎయిర్ ట్యూబ్‌కు ముడి వేసి సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా పెద్ద ట్యాంకు నీళ్ళు వదలండి. నీళ్ళు రెండింతలయ్యాక సగం తీసేసి మళ్ళీ నింపనివ్వండి. టీడీఎస్ 800 ఉన్న బోరు నీళ్ళ నుంచి 200 ఉన్న ఆర్వో కలిపిన ట్యాంకులోకి మార్చేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. గట్టి నీళ్ళ నుంచి మెత్తటి నీళ్ళలోకి దూకడమే చేపకు ఎక్కువ హాని.

5. చేపను ప్లాస్టిక్ గిన్నెతో పట్టండి. కోరిడోరస్, సక్కర్ చేపల ముళ్ళు నెట్‌లో చిక్కుకుని విరుగుతాయి. ఒరాండా తల మీది తలపాగాలాంటి కండ, పొడుగు రెక్కలు నెట్‌కు రాసుకుని చిరుగుతాయి. గిన్నెలోంచి తడి చేత్తో పెద్ద ట్యాంకులోకి జార్చండి, గిన్నెలోని నీళ్ళు మాత్రం సింక్‌లో పోయండి.

6. గుంపుగా తిరిగే చేపల్ని ఒకేసారి వదలండి. ఒక్కొక్కటిగా వేస్తే మొదటిదాన్ని పాత చేపలు తరుముతాయి.

ఆ తర్వాత రెండు వారాలు

మొదటి రాత్రి చేప మూలన దాక్కుంటే, రంగు తగ్గితే కంగారు పడొద్దు. 48 గంటలు దాటినా తిండికి రాకపోతే, ఎవరైనా తరుముతుంటే, రెక్కలు చిరుగుతుంటే వెనక్కి తీసుకోండి. మూడు నాలుగు రోజులు మేత సగమే వేయండి. వారం రోజులు రోజూ అమ్మోనియా చూడండి, 0.25 కనిపించినా పాతిక శాతం నీళ్ళు మార్చండి. ఇంతకాలం క్వారంటైన్ తొట్టిని ఖాళీ చేయకండి. ఫిల్టర్ నడుస్తూ ఉండాలి, రోజూ చిటికెడు మేత వేస్తే బ్యాక్టీరియా చావదు. ఏదైనా తేడా వస్తే చేపను తీసుకెళ్ళడానికి సిద్ధంగా ఉన్న చోటు అదొక్కటే.

ఎప్పటికీ వదలకూడని చేపలు కొన్నుంటాయి. వారాల తరబడి ఒకటి తర్వాత ఒకటి సన్నబడి, వెన్ను వంకర తిరిగి, పుళ్ళు పడి పోతుంటే చేపల క్షయ అయివుండవచ్చు. నెలల తరబడి దాగి ఉండగలదు, ఏ గడువూ దానికి హామీ ఇవ్వదు. చేతి మీది గాయం ద్వారా మనుషులకూ అంటుతుంది, గ్లవ్స్ లేకుండా ఆ తొట్టిలో చేయి పెట్టకండి. కోయి హెర్పిస్ వైరస్ సోకి బతికిన కోయిలు దాన్ని మోస్తూనే ఉంటాయి. ఇలాంటివాటిని వాటి తొట్టిలోనే చివరిదాకా చూసుకోవాలి. పుణ్యమని చెరువులోనో కాలువలోనో వదలొద్దు. అలా బయటపడ్డ సక్కర్ చేప ఈరోజు ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో దెయ్యం చేప పేరుతో రైతుల వలలు చింపుతోంది.

రెండు వారాలు గడిచాక క్వారంటైన్ సామాను కడగండి. 4, 5 శాతం గాఢత ఉన్న మామూలు బ్లీచ్ లీటరు నీళ్ళకు 20 మి.లీ. కలిపి, నెట్, పైపులు, తొట్టి 20 నిమిషాలు నాననిచ్చి, రెండుసార్లు కడిగి, యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్ళతో మరోసారి తొలిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. క్షయ అనుమానం ఉంటే బ్లీచ్‌ను నమ్మొద్దు, నెట్, స్పాంజ్ పారేసి గాజును 70 శాతం స్పిరిట్‌తో తుడవండి. ఏ రోగమూ కనిపించని తొట్టి స్పాంజ్ అయితే తర్వాతి విడత కోసం మళ్ళీ పెద్ద ట్యాంకులో పెట్టుకోవచ్చు. ఒక్క చుక్క కనిపించిన తొట్టిదైనా సరే, అది పెద్ద ట్యాంకులోకి వెళ్ళకూడదు.